వెనక స్ప్రింగు బిగిస్తే బండి గట్టిపడుతుందా? ఏటీవీ సస్పెన్షన్ వెనకున్న లెక్క

హైదరాబాద్ శివారులో ఒక ఫామ్‌హౌస్ దగ్గర ఏటీవీలు అద్దెకిస్తారు. నాలుగు లావుపాటి టైర్లు, బైకు హ్యాండిల్, కాళ్లు చెరో పక్కకి వేసి కూర్చునే సీటు. మొన్న వెళ్లినప్పుడు నా ముందు ఒకాయన రెండు రౌండ్లు కొట్టి వచ్చాడు. మనిషి వంద కిలోలుంటాడు. దిగుతూనే, “ఏం తమ్మీ, వెనక ధన్‌మని తగుల్తుంది” అన్నాడు. కుర్రాడు కొడవలిలా వంగిన స్పానర్ తెచ్చి, వెనక షాకబ్జర్ చుట్టూ ఉన్న రింగుని నాలుగు చుట్లు బిగించాడు. “ఇప్పుడు స్ప్రింగ్ గట్టి అయింది అన్నా, ఇంక తగలదు.” నిజంగానే తగల్లేదు. ఆ తర్వాత అదే బండి ఎక్కింది ఇంటర్ చదివే అమ్మాయి, మహా అయితే 45 కిలోలు. మట్టి గడ్డ వచ్చిన ప్రతిచోటా వెనక భాగం ఎగిరెగిరి పడింది. పాపం, సగం రౌండ్‌కే దిగిపోయింది.

కుర్రాడు చేసిన పనితో ఆయనకి లాభమే జరిగింది. కానీ “స్ప్రింగ్ గట్టి అయింది” అన్న మాట దగ్గరే అసలు తికమకంతా ఉంది. ఇది ఏటీవీ ఒక్కదాని సంగతి కాదు. స్ప్లెండర్ లాంటి బైకుల వెనక షాకబ్జర్‌కి ఐదు మెట్లుంటాయి. ఇద్దరు ఎక్కేటప్పుడు ఒక మెట్టు పెంచుకోమని మెకానిక్‌లు చెప్తారు. అక్కడ జరిగేదీ ఇదే. ఏటీవీలో దాని ప్రభావం ఇంకా ఎక్కువ, ఎందుకంటే బండి తేలిక. 1,500 కిలోల కారులో 75 కిలోల మనిషి ఎక్కితే పెరిగే బరువు 5 శాతం. యమహా రాప్టర్ 700 అనే ఏటీవీ దాదాపు 190 కిలోలు. అదే మనిషి దాని మీద కూర్చుంటే దాదాపు 40 శాతం పెరుగుతుంది. పైగా అందులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే పడుతుంది.

స్ప్రింగు మోస్తుంది, షాకబ్జర్ ఆపుతుంది

1970లో హోండా అమెరికాలో అమ్మిన యూఎస్90 అనే మూడు చక్రాల బండికి సస్పెన్షనే లేదు. ఒసాము తాకెయుచి అనే ఇంజినీరు రూపొందించిన ఆ బండికి బెలూన్ల లాంటి మెత్తటి టైర్లే దిక్కు. మెల్లగా పోయినంతసేపూ హాయిగానే ఉండేది. వేగం పెంచితే మాత్రం బంతిలా గెంతేది. టైరు కూడా ఒక స్ప్రింగే, గుద్దుకున్నప్పుడు నొక్కుకుని ఆ బలాన్ని దాచుకుంటుంది. కానీ దాచుకున్నదంతా మళ్లీ పైకే విసిరేస్తుంది. ఆ విసురుని అణిచేది అందులో ఏదీ లేదు.

మూడు చక్రాల బండ్లతో ప్రమాదాలు పెరగడంతో 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు అమెరికాలో వాటి అమ్మకం ఆపేశాయి. అప్పటికే నాలుగు చక్రాల బండ్లు వచ్చేశాయి, వాటితో పాటు అసలైన సస్పెన్షన్ కూడా.

ఇప్పటి బండిలో ఈ పనిని రెండు భాగాలు పంచుకుంటాయి. బయట కనిపించే చుట్టల స్ప్రింగు బరువు మోస్తుంది. దాని లోపలి గొట్టంలో నూనె, ఆ నూనెలో కదిలే పిస్టన్ ఉంటాయి. పిస్టన్‌కున్న సన్నటి దారుల్లోంచి నూనె ఇరుక్కుంటూ పోవాలి కాబట్టి కదలిక మందగిస్తుంది, ఊపు వేడిగా మారిపోతుంది. గట్టి ట్రాక్ మీద పావుగంట నడిపాక షాకబ్జర్ గొట్టం మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. లేకపోతే ఆ వేడంతా వెనక భాగం ఎగురుడుగా బయటపడేది.

రింగు తిప్పితే మారేది స్ప్రింగు పరిస్థితి. షాకబ్జర్ మీదుండే చిన్న స్క్రూలు తిప్పితే మారేది నూనె దారి. ఈ రెంటినీ కలిపి “షాక్ టైట్ చెయ్యి” అనేయడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

ప్రీలోడ్: రింగు బిగిస్తే నిజంగా జరిగేది

ఒక స్ప్రింగుని 1 మిల్లీమీటరు నొక్కాలంటే 8 కిలోలు కావాలనుకుందాం. ఇది దాని రేటు. అమెరికా స్ప్రింగుల మీద ఇదే అంగుళానికి 450 పౌండ్లు అన్న లెక్కలో, చాలాసార్లు ఉత్త 450 అని అచ్చేసి ఉంటుంది. తీగ ఎంత లావు, చుట్ట ఎంత వెడల్పు, చుట్టలు ఎన్ని అన్నదాన్ని బట్టి ఈ రేటు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. బయట రింగుని ఎంత తిప్పినా అది మారదు.

మరి రింగు చేసేదేమిటి? షాకబ్జర్ పూర్తిగా సాగి ఉన్నప్పుడే స్ప్రింగుని కొంచెం ముందుగా నొక్కి పెట్టి ఉంచుతుంది. దీన్నే ప్రీలోడ్ అంటారు. 9 మిల్లీమీటర్లు నొక్కి పెడితే, ఆ స్ప్రింగు ముందే 72 కిలోల బలంతో సిద్ధంగా ఉన్నట్టు. దాని మీద 70 కిలోలు పెట్టండి, కదలదు. 80 పెట్టండి, సరిగ్గా 1 మిల్లీమీటరు కుంగుతుంది. 88కి 2 మిల్లీమీటర్లు. అంటే కదలడం మొదలయ్యే చోటు మారింది తప్ప, మొదలయ్యాక ప్రతి మిల్లీమీటరుకీ పాత ధరే, 8 కిలోలు.

దీంతో బండి కొంచెం పైకి లేచి నిలబడుతుంది. రింగు తిప్పితే మనం ఎంచుకుంటున్నది ఆ ఎత్తు.

కుంగుడు కొలిస్తే కనిపించే లెక్క

బండి తన బరువుకీ మనిషి బరువుకీ ఎంత దిగిందన్నదాన్ని మెకానిక్‌లు శాగ్ అంటారు, మన మాటలో కుంగుడు. కొలవడానికి ఒక టేపు చాలు. వెనక చక్రాలు గాల్లో వేలాడేలా బండిని లేపి, ఇరుసు మధ్య నుంచి దానికి నిట్టనిలువుగా పైన బాడీ మీద పెట్టుకున్న గుర్తు దాకా కొలిస్తే 560 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బండి దానంతటది నేల మీద నిలబడితే 524. మనిషి హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి కూర్చుంటే 485. అంటే బండి ఒక్కటే 36 మిల్లీమీటర్లు కుంగింది, మనిషితో కలిపి 75. రాప్టర్ లాంటి బండిలో వెనక చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం దాదాపు 250 మిల్లీమీటర్లు. అందులో 75 అంటే 30 శాతం. అరిగిన బుష్‌ల్లో, షాకబ్జర్ సీళ్లలో రాపిడి వల్ల బండి ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది. అందుకే ఒకసారి పైకి లేపి వదిలి, ఒకసారి కిందికి నొక్కి వదిలి, రెంటి సగటు తీసుకుంటారు.

ఈ 75 ఎలా వచ్చిందో చూద్దాం. రాప్టర్ లాంటి బండికి లెక్క సులువుగా ఉండేలా నేను వేసుకున్న అంకెలివి. స్ప్రింగు మోయాల్సిన బండి బరువు వెనక 75 కిలోలు. 75 కిలోల మనిషి బరువులో మూడింట రెండొంతులు, అంటే 50 కిలోలు, వెనక పడతాయి. మొత్తం 125. చక్రం 2.5 మిల్లీమీటర్లు కదిలితే షాక్ 1 మిల్లీమీటరు కదిలే అమరిక ఉంటే, తూకపు కర్ర న్యాయం ప్రకారం షాక్ మీద బరువు రెండున్నర రెట్లు, 312 కిలోలు పడుతుంది. దాన్ని 8తో భాగిస్తే 39 మిల్లీమీటర్లు. అందులో 9 ముందే ప్రీలోడ్‌గా నొక్కేశాం కాబట్టి మిగిలిన 30 మిల్లీమీటర్లే షాక్ కుంగుతుంది. చక్రం దగ్గర అది 75.

ఇప్పుడు ఫామ్‌హౌస్ బండికీ ఇవే కొలతలు ఉన్నాయనుకుందాం. వంద కిలోల మనిషితో వెనక 88 మిల్లీమీటర్లు కుంగేది. రింగు ఒక చుట్టుకి ఒకటిన్నర మిల్లీమీటర్లు కదిలితే, నాలుగు చుట్లకి 6. ఆ దెబ్బకి కుంగుడు 73కి వచ్చింది. ఆయనకి అచ్చంగా కుదిరింది! అదే అమ్మాయి బరువుకి బిగించకముందు 60 ఉండాల్సింది 45కి తగ్గిపోయింది. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలని అంటిపెట్టుకోవడానికి ఉన్న జాగా ఆ 45 మిల్లీమీటర్లే. అది అయిపోతే చక్రం నేలని వదిలేస్తుంది. కుంగుడంటే చాలామందికి లోపంలా కనిపిస్తుంది గానీ, గుంతల్లోకి దిగడానికి బండి దాచుకున్న జాగా అదే.

బిగించుకుంటూ పోతే సరిపోదా?

ఇక్కడి నుంచి కొంచెం చిక్కు. ముందు లెక్కలోని 75 కిలోలాయనే వెనక క్యారియర్ మీద 40 కిలోల సామాను కట్టాడనుకుందాం. కుంగుడు 75 నుంచి 106 మిల్లీమీటర్లకి పోతుంది. అంటే మొత్తం కదలికలో 43 శాతం నిలబడ్డ చోటే ఖర్చయిపోయింది. దాన్ని మళ్లీ 75కి తేవాలంటే ప్రీలోడ్ 9 నుంచి 21.6కి, అంటే ఎనిమిది చుట్లకి పైగా, పెంచాలి. పెంచాం. మనిషితో, సామానుతో సరిగ్గా 75 వచ్చింది. హమ్మయ్య అనుకుని, మనిషి దిగి సామాను దించేశాక బండి ఒక్కదాని కుంగుడు కొలిస్తే 5 మిల్లీమీటర్లు కూడా రాదు. బండి కొయ్యకాళ్ల మీద నిలబడినట్టు ఉంటుంది.

మెకానిక్ చూసేది ఈ రెండో అంకెనే. మనిషితో కుంగుడు సరిగ్గా ఉండి, ఖాళీ బండి కుంగుడు దాదాపు లేకపోతే, ఆ బరువుకి స్ప్రింగు మెత్తన. తక్కువైన బలాన్ని ప్రీలోడ్‌తో పూడ్చి పెట్టారన్నమాట. ఖాళీ బండే మరీ ఎక్కువ కుంగుతుంటే వ్యవహారం తిరగబడి, స్ప్రింగు అవసరానికి మించి గట్టిది.

మొదటి సందర్భంలో 8 బదులు 10.5 రేటు స్ప్రింగు వేసి, ప్రీలోడ్ దాదాపు 9 దగ్గరే ఉంచితే ఏమవుతుంది? సామానుతో 75, ఖాళీగా 21. రెండూ మర్యాదగా ఉన్నాయి. అయితే సామాను లేకుండా మనిషొక్కడే ఎక్కిన రోజు కుంగుడు 51కి పడిపోతుంది, అంటే ఆ రోజు సవారీ గరుకు. వారానికి ఆరు రోజులు పొలానికి మందు డబ్బాలు మోసి, ఏడో రోజు షికారుకి తీసే బండికి అన్నివిధాలా సరిపోయే స్ప్రింగు దొరకదు. అలాంటి పని బండ్ల వెనక షాకబ్జర్‌కి చేత్తో తిప్పుకునే మెట్లు పెట్టింది ఈ రాజీ కోసమే.

మరి గట్టిగా అనిపిస్తుందే!

ప్రీలోడ్ స్ప్రింగుని గట్టిపరచదని చెప్తే పాతికేళ్లుగా బండ్లు విప్పుతున్న మెకానిక్ నవ్వుతాడు. బిగించాక నడిపి చూస్తే తేడా తెలుస్తోంది కదా అంటాడు. ఆయన అనుభవాన్ని కొట్టిపారేయడానికి లేదు.

ఒకటి, చక్రం ఏ ఎత్తులో ఉన్నా సరే, ప్రీలోడ్ పెంచిన స్ప్రింగు అక్కడ ముందుకంటే ఎక్కువ బలంతో నెడుతుంది. మన లెక్కలోనే 9 మిల్లీమీటర్ల ప్రీలోడ్‌తో వెనక పూర్తిగా అడుగంటాలంటే చక్రాల మీద దాదాపు 349 కిలోలు పడాలి. 21.6తో అయితే 389. కాబట్టి ధన్‌మని తగలడం తగ్గిందనడం నిజమే. 10.5 రేటు స్ప్రింగుకి ఆ అంకె 459. అడుగు తగలకుండా కాపాడే పని రెండూ చేస్తాయి, స్ప్రింగు మార్పు ఇంకా బాగా చేస్తుంది.

రెండోది, చాలా ఏటీవీల్లో స్ప్రింగు ఒకటే ఉండదు. పొట్టిగా మెత్తగా ఒకటి, పొడుగ్గా గట్టిగా ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. రెండూ కలిసి నొక్కుకున్నంతసేపూ మెత్తగా ఉండి, పొట్టిది పూర్తిగా ముడుచుకోగానే పొడుగుదాని అసలు గట్టిదనం బయటికొస్తుంది. ప్రీలోడ్ పెంచితే పొట్టిది కొంత ముందే ముడుచుకుని ఉంటుంది, గట్టి భాగం తొందరగా మొదలవుతుంది. ఇలాంటి బండిలో “బిగిస్తే గట్టిపడింది” అన్నమాట అక్షరాలా నిజం.

దీనికి ఎదురు తిరిగే సంగతి కూడా ఉంది. లింకేజీ ఉన్న బండ్లలో చక్రం పైకి వెళ్లేకొద్దీ షాక్ ఎక్కువ ఎక్కువగా కదిలేలా లీవర్లు అమర్చి ఉంటాయి. నేను పైన 2.5 అని ఒకే అంకె వేసుకున్నది సులువు కోసం, నిజానికి అది దారి పొడుగునా మారుతుంటుంది. ప్రీలోడ్ పెంచితే బండి పైకి లేచి లింకేజీలో మెత్తటి భాగానికి చేరుతుంది. మామూలు సవారీలో అప్పుడు ఒక్కో కిలోకి చక్రం ముందుకంటే ఎక్కువ కదలొచ్చు కూడా! కాబట్టి ఏ బండి గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా ఈ వాదన తేలదు. స్ప్రింగు ఒకటే ఉండి, ఆ 2.5 లాంటి అంకె దారి పొడుగునా మారని బండిలో మాత్రం ప్రీలోడ్ గట్టిపరచదన్న మాటే నిలుస్తుంది.

నూనె దారి స్క్రూలు

స్ప్రింగు సరిగ్గా ఉన్నా అమ్మాయి ఎగిరిపడేదా? కొంతవరకు ఎగిరేదే. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఆపేది రీబౌండ్ డ్యాంపింగ్. నొక్కుకునేటప్పుడు ఆపేది కంప్రెషన్ డ్యాంపింగ్. ఖరీదైన షాకబ్జర్లలో రెంటికీ విడివిడిగా స్క్రూలుంటాయి. మామూలుగా రీబౌండ్‌ది అడుగున, కంప్రెషన్‌ది పక్కనుండే చిన్న డబ్బా మీద ఉంటుంది. ఆ డబ్బాలో నైట్రోజన్ గ్యాస్ నింపి నూనెని ఒత్తిడిలో ఉంచుతారు, నురగ రాకుండా. తిప్పుతుంటే టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది కాబట్టి క్లిక్కులు లెక్కపెడతారు. “పన్నెండు క్లిక్కులు” అంటే, మెల్లగా పూర్తిగా బిగించి అక్కణ్నుంచి పన్నెండు వెనక్కి వదిలినట్టు. బిగించిన కొస ఒకటే కాబట్టి లెక్క అక్కణ్నుంచే మొదలవుతుంది.

రీబౌండ్ మరీ వదులైతే వెనక భాగం తన్నినట్టు లేస్తుంది. మరీ బిగిస్తే కనిపించకుండా ఇంకో తంటా వస్తుంది. దుక్కి దున్నిన చేలో అడ్డంగా పోతున్నట్టు వరుసగా గడ్డలు వచ్చాయనుకోండి. మొదటి గడ్డకి కుంగిన వెనక భాగం తిరిగి లేచేలోపే రెండోది వస్తుంది, తర్వాత మూడోది. ఒక్కో గడ్డకీ బండి ఇంకాస్త కిందికి దిగిపోతూ చివరికి అడుగున కొట్టుకుంటుంది. నడిపేవాడికి స్ప్రింగు మెత్తగా ఉన్నట్టే అనిపిస్తుంది. వెంటనే రింగు బిగిస్తాడు. రీబౌండ్ స్క్రూ రెండు క్లిక్కులు వదిలితే పోయేదానికి!

గట్టి స్ప్రింగు వేస్తే రీబౌండ్ కూడా కొంచెం బిగించాల్సి వస్తుంది, ఎందుకంటే అది ఇంకా బలంగా వెనక్కి నెడుతుంది.

హై స్పీడ్, లో స్పీడ్ కంప్రెషన్ అన్న మాటలు చూసి పొరబడేవాళ్లు చాలామంది. అవి బండి వేగం గురించి కావు, పిస్టన్ వేగం గురించి. 60 కిలోమీటర్ల వేగంతో చదునైన మట్టిలో మలుపు తిరుగుతుంటే పిస్టన్ మెల్లగా కదులుతుంది, అది లో స్పీడ్. 10 కిలోమీటర్ల వేగంతో రాతి మెట్టు మీద నుంచి దభీమని దిగితే అది హై స్పీడ్.

ఒకే ఇరుసు, విడి చక్రాలు: రింగు ఫలితం ఒకటి కాదు

రాప్టర్ లాంటి పరుగు బండ్లలో వెనక రెండు చక్రాలకీ ఒకే ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసుని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి లాంటి స్వింగ్ ఆర్మ్ ఒకటి, షాక్ ఒకటి. 1996లో వచ్చిన పోలారిస్ స్పోర్ట్స్‌మన్ 500 లాంటి పని బండ్లలో ఒక్కో చక్రం దేనికదే విడిగా కదులుతుంది, షాకులు రెండు. ఇప్పటి స్పోర్ట్స్‌మన్ 570 వెనక చక్రాలు 24 సెంటీమీటర్ల దాకా కదులుతాయి.

బండి అడుగు రాళ్లకి తగులుతోందని రింగు బిగించేవాళ్లకి ఈ తేడా తెలియాలి. విడి చక్రాల బండిలో ప్రీలోడ్ పెంచితే పొట్ట భాగం నిజంగానే నేలకి దూరమవుతుంది. ఒకే ఇరుసు బండిలో సీటు లేస్తుంది, ఫ్రేమ్ లేస్తుంది, కానీ రాయికి తగిలేది ఇరుసు మధ్యనున్న చైను చక్రమూ బ్రేకు డిస్కూ. వాటి ఎత్తు టైరు సైజుని బట్టే ఉంటుంది. ఎన్ని చుట్లు బిగించినా అవి వెంట్రుకవాసి కూడా లేవవు.

ఖర్చులూ వేరు. ఒకే ఇరుసు బండిలో స్వింగ్ ఆర్మ్ కోణం మారి చైను వదులు మారుతుంది, మళ్లీ చూసుకోవాలి. విడి చక్రాల బండిని మరీ పైకి లేపితే చక్రాలకి పోయే షాఫ్టుల కోణం పెరిగి వాటి కీళ్లూ రబ్బరు తొడుగులూ త్వరగా అరుగుతాయి.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటీవీ అంటే చాలామందికి బాజా పోటీ బండే గుర్తొస్తుంది, 2007 నుంచి జరుగుతున్న బాజా ఎస్ఏఈ ఇండియా కోసం పిల్లలు సొంతంగా తయారుచేసే పైపుల బోను బండి. అందులో కూర్చునే తీరు వేరు గానీ, వాళ్ల రిపోర్టుల్లో కనిపించే మోషన్ రేషియో అన్నది మనం పైన వేసుకున్న 2.5 లెక్కే, కొందరు దాన్ని తిరగేసి 0.4 అని రాస్తారు.

వెనక ముట్టుకుంటే ముందు మారుతుంది

వెనక లేస్తే ముందు వంగుతుంది. స్టీరింగ్ కోణం నిటారై హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, వేగంలో కొంచెం బెదురుగా ఉంటుంది. వెనక మరీ కుంగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి, మలుపులో బండి తిరగకుండా నేరుగా పోవాలని చూస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం తేలిపోతుంది. ఏటీవీ వెనక్కి తిరగబడే ప్రమాదం ఇలాంటి చోటే.

ఎంత కుంగితే మంచిదన్న దాంట్లో ఏకాభిప్రాయం లేదు. మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు అన్నది మోటోక్రాస్ బైకుల నుంచి వచ్చిన అలవాటు. చదును ట్రాక్ మీద పందేలాడేవాళ్లు బండి ఇంకా కిందికి ఉండాలంటారు. ఏటీవీ బైకులా మలుపులోకి ఒరగదు కాబట్టి బరువు ఎత్తులో ఉంటే బయటి పక్కకి పొర్లే ప్రమాదముంది. రాళ్ల దారిలో తిరిగేవాళ్లకి అలా కిందికి దించితే గుద్దుళ్లు తట్టుకునే జాగా మిగలదు. ఎవరి నేల వాళ్లది.

ఇంత కొలిచేవాళ్లు కూడా టైర్లలో గాలి మర్చిపోతుంటారు. కారు టైరులో ముప్పై పీఎస్ఐ దాకా ఉంటే చాలా ఏటీవీల్లో అయిదారు మాత్రమే. అందులో రెండు పెరిగినా తగ్గినా మూడో వంతు తేడా. హోండా యూఎస్90 రోజుల నాటి ఆ బెలూన్ స్ప్రింగు ఇంకా మన కిందే ఉంది.

ఇక అన్ని స్క్రూలూ తిప్పినా తేడా తెలియకపోతే ఒక్కటే అనుమానం. షాకబ్జర్ రాడ్డు మీద వేలు రాస్తే నూనె జిడ్డు అంటుకుంటుంది. సీలు పోయి లోపలి నూనె కారిపోయాక క్లిక్కులు టిక్ టిక్‌మంటూనే ఉంటాయి, కానీ వాటికి ఆపడానికి లోపల నూనె ఉండదు. ఫామ్‌హౌస్ బండి వెనక వంగి చూశాను. రాడ్డు చుట్టూ ఎర్రమట్టి నూనెతో కలిసి ముద్దలా పేరుకుని ఉంది.